తొమ్మిది ఓట్లు

తెల్లవారుజామున నాలుగున్నరకి
జిమ్ తాళం తీసింది నేనే.
బాస్కెట్‌బాల్ గీతల మీద టార్పాలిన్ పరిచి
ఓటు బల్లలు ఆరు వేశాను.
ఒకదానికి కాలు పొట్టి.
దాని కింద ఐదో తరగతి భూగోళం పుస్తకం పెట్టాను.
అందులో జర్మనీలు ఇంకా రెండున్నాయి.

బాయిలర్ సంగతి చెప్పాలి.
యాభై ఎనిమిదిలో బిగించారట, నాకంటే మూడేళ్లు పెద్ద.
దాని దగ్గు నాకు తెలుసు, నా దగ్గు దానికి తెలుసు.
ఆ వేళ లేవనంది.
బతిమాలాను. తిట్టాను. రెంచితో రెండంటించాను.
ఒక్కసారి గురగురమని
మళ్లీ అటు తిరిగి పడుకుంది.

జనం కోట్లు విప్పకుండానే వరసలో నిలబడ్డారు.
నోట్లోంచి ఆవిర్లు.
"ఇదేం చలి మెర్ల్, పిల్లలెలా కూర్చుంటారిక్కడ?"
అడిగినవాళ్లు అడుగుతూనే ఉన్నారు,
చేతులు రుద్దుకుని
పెన్ను పట్టుకుని
లోపలికి వెళ్తూనే ఉన్నారు.

కాగితం మీద ప్రశ్న ఒక్కటే, పదమూడు లైన్ల పొడుగు.
బడికోసం ఇంటిపన్ను ఇంకాస్త పెంచొచ్చా?
ఇది ఐదోసారి అడగడం.

పదకొండు మైళ్ల ఎగువన యాష్‌గ్రోవ్‌లో
ఇళ్లు ఖరీదు.
అందుకని అక్కడి బడిలో నక్షత్రశాల ఉంది,
పిల్లలు వెనక్కి వాలి శనిగ్రహం చూస్తారు.
మా మార్లెట్‌లో ఇళ్లు చవక.
అందుకని మా పిల్లలు వెనక్కి వాలితే
సీలింగు మీద వాన మరక కనిపిస్తుంది.
టాన్సీ అనే పిల్ల దానికి పేరు కూడా పెట్టింది, ఏనుగు అని.
ప్రతి వానకీ ఏనుగు కొంచెం ఎదుగుతోంది.

మొన్న వేసవిలో రాజధాని నుంచి ఒకాయన వచ్చాడు,
సంస్కరణ ఆయన ఉద్యోగం.
గోడ మీద బొమ్మలేసి చూపించాడు,
మా బడికి 'డి' వచ్చిందన్నాడు.
ప్రొజెక్టర్ తీగ సరిపోకపోతే
నా సొంత తీగ తెచ్చిచ్చాను.
మర్చిపోయి తీసుకుపోయాడు.

మధ్యాహ్నం ఓలెటా ప్రూయిట్ వచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్లు ఇక్కడి క్యాంటీన్‌లో గరిటె తిప్పిన చెయ్యి,
ఇప్పుడు కర్ర మీద వణుకుతోంది.
బయటికొచ్చి నా ఎదురుగానే నిలబడి అంది:
"వద్దనే నింపాను మెర్ల్.
పన్ను రెండుసార్లు పెరిగింది, పింఛను పెరగలేదు.
గుండె మాత్రలు సగం విరిచి వేసుకుంటున్నాను."
నేనేమీ అనలేదు. ఏమనాలి?
సంచిలోంచి అల్లిన చేతితొడుగులు తీసింది,
పద్నాలుగు జతలు, అన్నీ చిన్న చేతులవి.
"ఒకటో తరగతికి ఇవ్వు. చల్లగా ఉందిక్కడ," అంది.

నా ఓటు ఎటు అని అడగకండి.
నాకు ఓటు లేదు.
నది అవతల, వేరే రాష్ట్రంలో, అద్దె గది నాది.
కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు.
ఇరవై రెండేళ్లుగా నేను ఆ కత్తిపీటనే.

రాత్రి పదింటికి లెక్క తేలింది.
తొమ్మిది ఓట్ల తేడాతో పోయింది.
ప్రిన్సిపాల్ అంబర్లీ గారు బ్లీచర్ల మీద కూర్చుని
చాలాసేపు ఫోన్ వెలుతురు కేసి చూశారు.
"జనవరి నుంచి శుక్రవారాలు బడి మూసేద్దాం," అన్నారు చివరికి,
నాతోనో, ఫోనుతోనో.
బస్సు ఒకటి అమ్మేస్తారట.
సంగీతం టీచరు సంగతి ఎవరూ ఎత్తలేదు,
అంటే తేలిపోయిందన్నమాటే.

అందరూ వెళ్లాక బల్లలు మడిచాను.
టార్పాలిన్ చుట్టేశాను, బురద అడుగుల్తో సహా.
పొట్టికాలు కింది పుస్తకం తీశాను.
అట్ట మీంచి లోపల ఐరోపా దాకా
గుండ్రటి గుంట దిగింది.
రేపు పదిన్నరకి టాన్సీ వాళ్లకి భూగోళం,
ఇద్దరికీ ఒకే పుస్తకం.
చొక్కా చేత్తో తుడిచి
వరసలో దాని చోట దాన్ని పెట్టి,
బాయిలర్ దగ్గరికి వెళ్లాను
ఇంకోసారి అడిగి చూద్దామని.