ఒక్క అచ్చు తేడా

తాళం మొదటిసారి తిరగలేదు.
తలుపుని భుజంతో కొంచెం పైకెత్తి తిప్పాలని
చేతికి గుర్తొచ్చేసరికి
మెట్ల మీది దీపం దానంతటదే ఆరిపోయింది.

మూడు వారాలు.
గది అలిగినదానిలా చల్లగా ఉంది.
కిటికీ గట్టున ఒక ఉల్లిపాయ
ఎవర్నీ అడక్కుండా మొలకెత్తింది.
కుళాయి దగ్గి, తుమ్మి,
ముందు తుప్పు, తర్వాత నీళ్ళు.
కెటిల్ మీద వేలు పెడితే నల్లటి గీత.
ఈ ఊళ్ళో గని దుమ్ముకి తలుపులు అడ్డం కావు.

పెట్టె విప్పలేదు.
మేజోళ్ళు మాత్రం లాక్కుని తొడుక్కుని
కోటుతోనే పడుకున్నాను.

కార్క్‌లో అక్క సోఫా మీద ఉన్నన్నాళ్ళూ
అందరిదీ ఒకటే ప్రశ్న:
"జార్జియా అంటే, అమెరికాలోదేగా?"
కాదని చెప్పీ చెప్పీ
ఒక పెళ్ళిలో చివరికి ఔననేశాను.
అక్కడ పీచ్ పళ్ళు బావుంటాయట కదా, అన్నాడాయన.
చాలా బావుంటాయన్నాను.

పొద్దున్నే రొట్టెల కొట్టు.
మట్టి బావిలాంటి పొయ్యిలోకి నడుందాకా వంగి
గోడకి రొట్టె అతికిస్తున్నాడు గూచా.
నోరు తెరిచాను. మాట లేదు.
ఇక్కడి హల్లులన్నీ నాలిక మీంచి జారిపోయాయి,
గొంతులో పుల్ల విరిచినట్టు పలకాల్సిన
ఆ 'ఖ'తో సహా.
టూరిస్టులా రెండు వేళ్ళు చూపించాను.
అతను మూడు చుట్టిచ్చాడు.
నేనెప్పుడూ తీసుకునేది మూడే.

బడిలో కట్టెలు ఇంకా అంటుకోలేదు.
ఏడో తరగతి కోట్లు విప్పలేదు, నేనూ విప్పమనలేదు.
హాజరు పిలుస్తూ అలవాటుగా "వాచె" అన్నాను.
ఎవరూ పలకలేదు.
ఇటలీలో ముసలాళ్ళని చూసుకునే వాళ్ళమ్మ
పండక్కొచ్చి వాణ్ణీ తీసుకుపోయిందట.
నెస్తాన్ చెప్పింది,
చెప్పి, వాడి చోట్లోకి తన సంచీ జరుపుకుంది.

ఇవాళ్టి పాఠం: ఇంగ్లీషులో రావడం, పోవడం.
బోర్డు మీద రెండు బాణాలు గీశాను,
ఒకటి నావైపు, ఒకటి నా నుంచి అవతలికి.
నెస్తానే చెయ్యెత్తింది.
"సెలవుల్లో మీరు ఇంటికి పోయారా, వచ్చారా?"
ఒక్క తప్పు లేదు వాక్యంలో.
"పోయాను."
"మరి నిన్న?"
సుద్దముక్క జేబులో వేసుకుని
పొయ్యి దగ్గరికెళ్ళి ఊదుతూ కూచున్నాను,
బూడిద కళ్ళలో పడేదాకా.

వీళ్ళ భాషలో ఆ రెంటికీ తేడా ఒక్క అచ్చే.
మివేది అంటే అక్కడికి చేరాను.
మోవేది అంటే ఇక్కడికి వచ్చాను.
పెదవులు సాగితే దూరం, చుడితే దగ్గర.
రెండేళ్ళయినా తొందరలో తారుమారు చేస్తాను.
మా నాయనమ్మ భాషలో పదమూడేళ్ళు మార్కులు తెచ్చుకుని
ఆమె మంచం పక్కన
నాలుగు మాటలు అతకలేకపోయినదాన్ని.
మళ్ళీ నేను భాష టీచర్ని!

సాయంత్రం రోప్‌వేలో లోయ దాటుతుంటే
పక్కన ఒక బంగాళదుంపల బస్తా.
బస్తా తాలూకు పెద్దాయన
అవతలి గట్టుదాకా తన మోకాలి గురించి చెప్పాడు.
సగం అర్థమైంది.
మిగతా సగం ఆయన మోకాలు పట్టుకుని చూపించాడు.

మెట్ల మీద, తువ్వాల్లో చుట్టిన చిక్కుళ్ళ గిన్నెతో
కింది వాటా త్సియాలా.
చెవికీ భుజానికీ మధ్య ఫోను.
నన్ను చూస్తూనే ఫోన్లోకి "మోవిదా, మోవిదా" అంది,
వచ్చేసింది, వచ్చేసిందని.
అవతల ఎవరో,
నేను వచ్చానో లేదో వాళ్ళకెందుకో.
తర్వాత నా చిక్కిన మొహం మీద పెద్ద ఉపన్యాసం.

మూత ఎత్తి రుచి చూశాను.
"మరిలి?" అన్నాను. ఉప్పు.
ఈ మూడు వారాల్లో నా మొదటి మాట.
వేసుకో, నీ దగ్గర లేదా అంది.
ఉన్నదంతా గడ్డకట్టిందని చెప్పడం రాక
డబ్బా తెచ్చి ఆవిడ ముందు బోర్లించి పట్టుకున్నాను.

ఆవిడ దాన్ని లాక్కుని రైలింగుకేసి కొట్టింది.
రెండు దెబ్బలకి ఏం కాలేదు.
మూడోదానికి రాలింది.