తూకం

కాఫీ గొంతులో పడకముందే
బాత్రూంకు పోయొచ్చి, చొక్కా విప్పి
ఆయన కాటా ఎక్కాల.
తిరపతిలో డిశ్చార్జి చేసేటప్పుడు
డాక్టరమ్మ ముందుగా చెప్పింది ఇదే.

చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీ గేటుకాడ
ముప్పై ఏండ్లు వేబ్రిడ్జి మీద కూర్చున్న మనిషి.
మొగిలప్ప తూకమంటే తిరుగులేదని
బంగారుపాళ్యం రైతులు చెప్పుకునేవాళ్లు.
తోతాపురి లారీలకు చీటీ చించిచ్చిన ఆ చెయ్యికి
ఇప్పుడు చీటీ రాసేది నేను.
పాల లెక్క రాసే క్యాలెండర్లోనే,
అరలీటరు పైన ఆయన.
అరవై మూడు. అరవై మూడు. అరవై రెండున్నర.

రెండు దినాల్లో రెండు కిలోలు పెరిగితే
అది కండ కాదు, నీళ్లంట.
గుండె తోడిపొయ్యలేక
కాళ్లల్లో వదిలేసిన నీళ్లు.
అందుకే తాగేదానికీ గీత గీసిన బాటిలు.
ఉప్పుడబ్బా బియ్యం డ్రమ్ము వెనక దాచినా.
చప్పిడి చారు చూసి
"ఆవుకు కుడితి పెడతాండావా" అంటాడు.
నేనూ అదే పోసుకుంటా, మాట్లాడకుండా.

నీళ్లమాత్ర వేసినాక
ఆయన లేచినప్పుడల్లా నేనూ లేస్తా.
లైటు వెయ్యొద్దంటాడు.
నలభై ఏండ్ల కాపురంలో లేని సిగ్గును
మందుల కవర్లో పెట్టి పంపినట్టుండారు.

నిన్న అరవై మూడు.
ఈపొద్దూ అరవై మూడే.
అయితే రాత్రి మూడో దిండు ఎందుకడిగినాడు?
ఊరగాయ జాడీ మీద వాసెన ముడి
నేను కట్టిన ముడి కాదే?

వంగి చూస్తే
ఎడమచెయ్యి తలుపు గడిని పట్టుకోనుండాది.
కొంత బరువు అక్కడ వేలాడేసి
మిగతా మనిషి కాటా మీద నిలబడినాడు.

ఒక చక్రం పలక బయట పెట్టే డ్రైవర్ల కతలు
నాకు చెప్పింది ఎవురు మరి?

నేను అరవలేదు.
ఒక్కో వేలు విడదీసినా.
నా భుజం అందుకోబోతే, పక్కకు జరిగినా.
ముల్లు వణికి వణికి
అరవై ఐదు దాటి నిలిచింది.
"మళ్లా ఆ మంచం మీదికి పంపొద్దు"
అన్నాడు, నేలకు చెప్పినట్టు.

చీలమండ కాడ బొటనవేలితో నొక్కితే
మాగినకాయ మీద మాదిరి గుంట.
నింపాదిగా, చానా నింపాదిగా పూడింది.

నర్సు కస్తూరికి ఫోన్ చేసినా.
డాక్టరమ్మను అడిగి చెప్పింది:
ఈపొద్దుకు ఇంకో నీళ్లమాత్ర,
రేపటికి దిగకుంటే,
ఆయాసమొస్తే ఇప్పుడే, తీసుకొచ్చెయ్యమని.

క్యాలెండర్లో నిన్నటి అంకె కొట్టెయ్యలేదు.
పక్కన చిన్నగా "గడితో" అని రాసినా.
ఆయన కండ్లజోడు తెప్పించుకొని చదివి
పెన్ను అడిగి
కింద సంతకం పెట్టినాడు.