లోపలి అతుకు

నరసన్నపేట రైసుమిల్లులో
చిరిగిన గోనెలకు అతుకులేయడం నా పని.
దబ్బనం, పురికొస, ముక్కు నిండా ఊకదుమ్ము.
ఇరవై ఏళ్ళుగా తెలిసిన విద్య ఇంతే:
చిరుగెక్కడుందో కన్ను చూడకముందే
వేలు చెబుతుంది.

ఒక్క చిరుగు తప్ప.

ముందు పుట్టిన ఇద్దరూ నిలవక
మూడోవాణ్ణి చేటెడు తవుడికి అమ్మి
మళ్ళీ కొనుక్కుందట మా అత్త.
ఆ తవిటయ్యే నా మొగుడు.
తవుడి ఖరీదు మనిషి
లారీకీ గొడౌనుకీ నడుమ
జీవితమంతా బియ్యం మోశాడు.

కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు.
పడుకుంటే లోపలికి, లేస్తే బయటికి.
నాలుగేళ్ళు దాచాడు.
లుంగీ మడతలో దాచాడు,
పాత తువ్వాలు గోచీగా బిగించి దాచాడు,
దీపమార్పి నా దగ్గరా దాచాడు.
బుడ్డ దిగిందని జట్టువాళ్ళు నవ్వుతారని భయం.
మూట ఎత్తేముందు ఎడమచెయ్యి కిందికి పోయేది,
లుంగీ సర్దుకుంటున్నాడనుకున్నాను.

ఓ మధ్యాహ్నం అది లోపలికి వెళ్ళనంది.
ఊకకుప్ప మీద మోకాళ్ళు ముడుచుకుని
గంటసేపు కప్పు రేకులు లెక్కపెట్టాడు.
అప్పుడు చెప్పాడు,
"పేగు జారినట్టుందే."

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ "దగ్గు" అంది.
సిగ్గుతో సగం దగ్గాడు.
"మూటలెత్తే మనిషివి, ఇదేం దగ్గయ్యా?"
ఈసారి గట్టిగా దగ్గాడు.
నాలుగేళ్ళ గుట్టు
ఆమె వేళ్ళకింద టక్కున బయటపడింది.

చీటీ వెనక బొమ్మ గీసింది.
బొడ్డు దగ్గరొకటి, కింద రెండు, మూడే చిల్లులు.
గాలి ఊది పొట్ట పొంగించి, కెమెరా దించి,
జారిన పేగును వెనక్కి లాగి
వలముక్క పరుస్తారట.
"బయట్నుంచి కాదమ్మా, లోపల్నుంచి."

నాకు నవ్వొచ్చింది.
గోనెకు బయట అతుకేస్తే
నింపిన ప్రతిసారీ కుట్టు ఊడుతుంది.
లోపలేస్తే, ఏ బరువు చింపాలని చూసిందో
ఆ బరువే అతుకును అదిమి పట్టుకుంటుంది.
"మేం సేసేదీ అదే గదమ్మా" అన్నాను.
డాక్టరమ్మ కలం ఆపి
మొదటిసారి నా చేతులకేసి చూసింది.

తలుపు బయట అత్తా నేనూ.
వలను చుట్టలా చుట్టి లోపలికి తోసి
అక్కడ విప్పుతారని చెప్పాను.
అరవై ఏళ్ళుగా అడ్డచుట్ట కాల్చిన మనిషి
"నిప్పు లోపలికెడితే కాల్దు,
వల లోపలెడితే ఊడదు" అంది
తనే కనిపెట్టినట్టు.

రాత్రి మెలకువొచ్చి
తవిటయ్య కుడి భుజం పట్టుకుని మూలిగాడు.
కోత కింద పెట్టి నొప్పి పైనేటని కంగారుపడితే
నర్సు చెప్పింది, ఊదిన గాలి తాలూకు నొప్పంట,
రెండ్రోజుల్లో పోతాదంట.
నొప్పిలోనే నవ్వాడు:
"ఇన్నేళ్ళు బియ్యం మోస్తే రాని బుజం నొప్పి
గాలి మోస్తే వచ్చిందే."
నవ్వితే కుట్లు లాగాయి,
నవ్వొద్దని తిట్టాను.

నెలరోజులు మూట ముట్టొద్దన్నారు.
ఇంట్లో కూర్చోలేక నా పక్కకొచ్చాడు,
దబ్బనం ఇచ్చాను.
రెండుసార్లు వేలు పొడుచుకున్నాడు,
మూడోసారి నన్ను తిట్టాడు,
మొదటి గోనెకు బయట్నుంచే అతుకేశాడు.
ఏమీ అనకుండా విప్పేశాను.
సంచిని తిరగేసి ఇచ్చాను.

నిన్న మరపట్టి తిరిగాక దుమ్ము లేచింది.
దగ్గాడు.
అలవాటుగా ఎడమచెయ్యి గజ్జకెళ్ళింది.
ఆపాల్సిందేమీ లేదక్కడ.
ఆ చెయ్యి కాసేపు
ఎటెళ్ళాలో తెలియక గాల్లో ఆగి
నా ఒళ్ళోంచి
పురికొస అందుకుంది.