తువ్వాల కింద

ఇరవై రెండేండ్లు ఆ తువ్వాల ఉతికినాను.
మామిడి సొన మరక పోదు, సోడా పెట్టినా పోదు.
దాని కింద ఏం జరుగుతుందో మాత్రం
దామలచెరువు మండీలో ఆడోళ్ళకు చెప్పరు.

చెంగల్రాయుడు గొంతెత్తితే
బేనీషా కుప్ప మీద ఈగలు లేచేవంట.
కేక అందరికీ.
ధర మాత్రం గుడ్డ కింద,
వేలూ వేలూ పట్టుకొని, ఎవురికీ కనపడకుండా.

నాలిక అంచున పుండు.
పన్ను గీరుకుందనుకున్నాం. ఆకులో సున్నం ఎక్కువైందనుకున్నాం.
కాయల కాలం అయిపోనీ అన్నాడు.
పుండు కాయల కాలం చూళ్ళేదు.

తిరపతి ఆస్పత్రిలో ముందు కత్తి.
నాలికలో ఒక పక్క, మెడలో గడ్డలు,
ఇరవై ఎనిమిది కుట్లు, నేను లెక్కబెట్టినాను.
అయిపోయిందని సంచి సర్దుకుంటా ఉంటే
డాక్టరమ్మ కాగితం పట్టుకొచ్చింది.
గడ్డ తన తొక్క తానే పగలగొట్టుకొని బయటికొచ్చిందంట.
ఇంక కరెంటు పెట్టాల,
వారానికొకసారి మందు కూడా ఎక్కించాల,
రెండూ కలిపి.

ఒకదాని తర్వాత ఒకటి పెట్టకూడదా తల్లీ,
మనిషి ఇప్పటికే సగమైనాడు, అన్నాను.
ఆమె కాసేపు నన్నే చూసింది.
మీకు భూమి ఉందా? అనింది.
ముక్కాలెకరా.
వాన పడినాక దున్నుతారా, ఎండిన నేలలో దున్నుతారా?
ఇంకేం అడుగుతాను. సంతకం పెట్టినాను.

ముప్పై మూడు దినాలు.
పాకాల బస్సు, చంద్రగిరి కోట, మళ్ళా అదే బల్ల.
తెల్ల వల ముసుగు, ఆయన మొగానికే తీసిన అచ్చు,
దాన్ని బల్లకు బిగించి అందరూ బయటికొచ్చేస్తారు.
సోమవారమైతే సీసాలు:
ముందు ఉప్పునీళ్ళు, ఆనక మందు, మళ్ళా ఉప్పునీళ్ళు.
దానికిది బలమిస్తుందని చెప్పినారు.
పుండ్లకూ ఇస్తుందని మూడో వారం తెలిసింది.
నోట్లో తడి లేదు. రాగంబలి ముక్కు గొట్టంలోనే.
గుండు ఈ ఊర్లో ఎవురికీ వింత కాదు,
గడ్డం ఒక పక్కనే రాలితే మాత్రం
బస్సంతా తిరిగి చూస్తాది.

ఐదో సోమవారం
కిడ్నీ లెక్క పెరిగిందని మందు ఆపినారు.
కరెంటు ఆపలేదు.
ఆయన చెవి చూపించి పలక మీద రాసినాడు:
మండీ వినపడతా ఉండాది.
మందు చేసిన ఈల అది, అనింది నర్సు.
నేను ఆయనకు చెప్పలేదు.

నొప్పి పదికి ఎంత?
డాక్టరమ్మ దినామూ అడిగేది.
ఆయన నాలుగు వేళ్ళు ఎత్తేవాడు.
ఒక పొద్దు, ఏసీ చలికి ఒళ్ళో తువ్వాల పరుచుకోని ఉంటే
దాని కిందికి ఆయన చెయ్యి వచ్చింది.
పైన నాలుగు వేళ్ళు ఆమెకు.
కింద, నా అరచేతిలో,
ఐదూ నొక్కి, వదిలి, మళ్ళా నాలుగు.

చెప్పేసినాను. తొమ్మిది తల్లీ, అన్నాను.
బేరం బయటపెట్టినానని
రెండు దినాలు చెయ్యి ఇయ్యలేదు.
నొప్పి మాత్ర మార్చినారు గానీ,
ఆ రాత్రి గురక విన్నాను.

అట్ల నేర్చుకున్నా ఆ భాష.
బొటనవేలు మడిస్తే నీళ్ళు.
అరచేతిలో గీత గీస్తే ఇంటికి పోదాం.
చిటికెనవేలు ఊరికే పట్టుకుంటే
దానికి మండీలో అర్థం లేదంట.

ఈ పొద్దు స్కానింగు కాగితం ఇస్తారు.
వరండాలో బెంచీ మీద ఉండాం.
ఆయన మాట ఇప్పుడు తడిసిన గోనె మాదిరి,
సగం నాకే తెలస్తాది.
పేరు పిలిచేలోగా తువ్వాల పరిచినాడు.
ఒక వేలు. ఆగి, ఇంకొకటి.

ఎన్నేండ్లు అడగతా ఉండాడో,
ఎన్నిటికి ఒప్పుకుంటా ఉండాడో,
అమ్మేవాడి వేళ్ళో, కొనేవాడివో,
అది మాత్రం నేర్పలేదు.
నేను ఇంకో మూడు వేళ్ళు కలిపినాను.