ఎర్త్

ఒస్త్రావాలో వాన వెలిసిన రాత్రి.
ముసలి జావా. బ్రేకు తొక్కితే హెడ్‌లైటు
కునుకు తీస్తోంది.
హారన్ నొక్కితే ఇండికేటర్ ఉలిక్కిపడుతోంది.

ల్యుబోర్ బ్యాటరీ మార్చాడు, ఫ్యూజు గీకాడు,
డైనమోని ఏడు తరాలు కలిపి తిట్టాడు.

టెస్ట్ లాంపు పట్టుకుని
వైరు వెంట వైరు తడుముతూ నేను.
ఎరుపు ఎప్పుడో పసుపైంది, పసుపు మసైంది.
ఏది ఎటు పోతుందో తెలిసిన మనిషి
బొమ్మ గీయకుండానే పోయాడు.

సీటు కింద, ఫ్రేముకి ఎర్త్ బిగించిన చోట
నిగనిగలాడే నల్లరంగు.
పోయిన వేసవిలో, మురిసిపోతూ
మూడు పూతలు
మేం వేసిందే.

ఉప్పుకాగితంతో
కొరునా బిళ్ళంత మేర గీకాను.
ఇనుము కనబడింది.

గోడంతా వెలుగు!

పై అంతస్తు కిటికీ తెరుచుకుంది:
"ఆర్పండర్రా ఆ లైటు!"