పదికి ఎన్ని

కర్నూలు పెద్దాసుపత్రి, పాత ఓపీ వెనక
సున్నం రాలే గదిలో నా ఉద్యోగం
మాత్రలు లెక్కపెట్టడం.
తెల్ల సీసాలు, మూత మీద అంకె, లోపల
మందో, మందు వేషం కట్టిన పిండో
నాకు తెలియదు.
సారుకీ తెలియదు.
తెలిసింది ఎక్కడో బెంగుళూరులో ఒక కంప్యూటరుకి,
అది ఎవరి మొహమూ చూడదు.

ఆదోని నుంచి పొద్దుటి బస్సులో వచ్చేవాళ్లు ఇద్దరూ,
నూట పద్నాలుగు, నూట పదిహేను.
ఫారంలో పేర్లు రాయకూడదు. ఇక్కడ రాస్తాను:
దస్తగిరమ్మ, ఖాసింబీ.
పత్తి మిల్లులో ఎదురెదురుగా కూచుని
దూదిలో చెత్త ఏరిన వేళ్లు
ఇప్పుడు గుప్పిట మూయమంటే
సగం దాకా వచ్చి ఆగిపోతాయి,
కోడుమూరు దగ్గర మొరాయించిన బస్సులా.

ఒప్పుదల పత్రం పదకొండు పేజీలు, చదివి వినిపించాను.
పాత మందులు మానొద్దు, ఇది వాటి మీద అదనం.
సగం మందికి అసలుది, సగం మందికి వట్టిది.
ఎవరికేదో ఎవరూ ఎంచరు.
"చీటీ పాట మాదిరా?" అంది దస్తగిరమ్మ.
పాట లేదు, చీటీ మాత్రమే అన్నాను.
"అయితే మోసం ల్యాదు" అని వేలిముద్ర వేసింది.
ఖాసింబీ సంతకం నేర్చిన మనిషి.
పెన్ను రెండు చేతులా పట్టుకుని
ఒక్క 'ఖా' రాసేసరికి
ఫ్యాను కింద కూడా చెమట.

నెలనెలా అవే ప్రశ్నలు.
లేచాక వేళ్లు ఎంతసేపటికి వదులవుతాయి?
నొప్పి, పదికి ఎన్ని?
"రొట్టె తట్టగలిగితే నాలుగు రాసుకో మేయ్.
తట్టలేక అన్నం వండుకుంటే తొమ్మిది."
మరి పది?
"పదైతే బస్సెక్కి నీ కాడికి యాడ వస్తా!"
ఆ మాటకి గడి లేదు.
నాలుగు అని రాశాను.

అందరికీ రెండు మాత్రలు మిగులుతాయి, మూడు తగ్గుతాయి,
పత్తికొండ ఆయనవి ఎలుక ఎత్తుకుపోయింది.
వీళ్లిద్దరి లెక్క మాత్రం ఎప్పుడూ సరి.
అయిదో నెల, తొందరలో,
సీసాలు ఖాళీగా తెచ్చారు,
మిగిలినవన్నీ ఒకే స్టీలు డబ్బాలో.

"ఇంటికి పోతానే రెండూ కలిపేస్తాం.
దినామూ చెరొకటి.
ఒకరికి మందు పడి, ఒకరికి పిండి పడితే ఎట్ల?"
ఖాసింబీ డబ్బా నా వైపు జరిపింది,
"ఇన్నేండ్లు రొట్టె తుంచుకోని తింటిమి."

దీనికి మా పుస్తకంలో ఒక పేరుంది: ఉల్లంఘన.
పెన్ను మూత తీశాను, పెట్టాను, తీశాను.
ఏ ఊర్లోనో ఏ చేతులో
రేపు మింగబోయే మాత్ర
ఈ గడుల మీదే నిలబడాలి.
గడిలో అబద్ధం పెడితే
ఆ చేతులకి నేనేం చెప్పుకోను?
రాశాను.
నూట పద్నాలుగు, నూట పదిహేను
మాత్రలు ఆపేశారు.
"తప్పు చేస్తిమా?" అని అడిగింది దస్తగిరమ్మ.
లెక్కకి తప్పే అన్నాను.
ఆ ముందు మాట ఎందుకు తగిలించానో
ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

రెండేళ్లకి గుట్టు విప్పారు.
పట్టికలో వేలు పెట్టి వెతికాను.
రెండు సీసాల్లోనూ ఒకటే.
ఏదని అడగొద్దు,
తెలియకుండా ఉండటానికి అలవాటుపడిన నోరు ఇది.

పాత మందుల కోసం ఇంకా వస్తారు, మంగళవారాలు.
మొన్న ఆ డబ్బానే నా బల్ల మీద పెట్టి వెళ్లారు.
శెనక్కాయల ఊరిమిండి, రెండు జొన్నరొట్టెలు.
ఒకటి పలచగా, గుండ్రంగా.
రెండోది ఒక అంచు మందం,
నడుమ వేళ్లు ఆగిన గుంటలు.
నాలుగు, అనుకున్నాను.
ఆరున్నర, అనుకున్నాను.
ఏది ఎవరు తట్టారో
అడగలేదు.
రెంటినీ తుంచి
కలిపి తిన్నాను.