కొట్టివేత

పెద్ద ఆటగాళ్ల జోలికి నేను పోను.
వాళ్ల కార్డులకు అద్దాల పెట్టెలున్నాయి, బీమా ఉంది.
నాక్కావలసింది
ఒక్క వేసవి మెరిసి, మంచు పడకముందే
రేవులో ఇనుపరాయి ఎత్తే పనికి తిరిగొచ్చినవాళ్లు.

డులూత్‌లో చలికాలం పొడుగు.
బూట్ల అట్టపెట్టెలో వాళ్లంతా నిలబడే నిద్రపోతుంటారు,
అరవై ఏళ్లనాటి బబుల్‌గమ్ మరక ఒంటిమీద ఆరనే లేదు.
ఒక్కొక్కరికీ ఉత్తరం రాస్తాను.
లోపల కార్డు, స్టాంపు అంటించిన కవరు,
సంతకానికి సరిపడా బతిమాలుకోవడం.
కొన్ని తిరిగొస్తాయి.
కొన్ని అసలు తెరుచుకోకుండానే.

స్టాన్ వోయ్‌చిక్, షార్ట్‌స్టాప్, యాభై ఏడు.
కార్డు వెనక చీమతలంత అక్షరాల్లో
ఆయన మొత్తం కథ:
పదకొండు ఆటలు, ముచ్చటగా మూడు హిట్లు.

మార్చిలో కవరొచ్చింది. సంతకం లేదు.
కూతురు లొరెయిన్ రాసిన చీటీ:
"నాన్నకిప్పుడు తన పేరు గుర్తులేదండి.
పెన్ను చేతికిస్తే చాలాసేపు ఊరుకుని,
కార్డు తిప్పి ఇదొక్కటే చేశాడు. మన్నించండి."

మూడు కొట్టేసి ఉంది.
పక్కన, వణుకుతూ,
నాలుగు.

శనివారం సంతలో గస్ భూతద్దంలోంచి చూసి
"పాడుచేశాడే ముసలాయన,
సగం ధర కూడా పలకదు" అన్నాడు.
నేను అమ్మడానికి తేలేదు.
చూపించడానికి తెచ్చాను.

ఆ వేసవి పేపర్లు లైబ్రరీలో ఉంటాయి,
స్కోర్లన్నీ, ఆటాటకీ.
తేల్చేసుకుందామని బస్సెక్కాను.
రెండు స్టాపులు దాటాక
చలిలోనే దిగి
ఇంటికి నడిచాను.